మూడోసారి విప్పిన గేర్‌బాక్సు

గేర్‌బాక్సు మళ్ళీ జారింది.

పన్నెండో మైలు రోడ్డు దగ్గర ఎడమకి తిప్పి, నార్బర్ట్ గాడోమ్‌స్కీ కాలు కాస్త గట్టిగా నొక్కాడో లేదో, ఇంజను ఊరంతా వినపడేలా అరిచింది. బండి మాత్రం నాకేం సంబంధం అన్నట్టు ఉన్నచోటే నిలబడింది. వెనక రొట్టెల వ్యాన్ వాడు హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. రెండు క్షణాలు గడిచాక గేరు పట్టుకుని, బండి ఒక్క కుదుపుతో ముందుకు దూకింది. నార్బర్ట్ తల వెనక్కి కొట్టుకుంది.

గేర్‌బాక్సు మొత్తం విప్పి, కడిగి, కొత్త క్లచ్ ప్లేట్లు వేసి, బోల్టు బోల్టూ కొలత ప్రకారం బిగించి అప్పటికి గంట కూడా కాలేదు. అలా విప్పడం అది మూడోసారి. మొదటిసారి జారినప్పుడు పాత ప్లేట్లు అరిగిపోయాయనుకున్నాడు. రెండోసారి, కొత్తగా వేసిన ప్లేట్లు నాసిరకంవి అనుకున్నాడు. ఇప్పుడు అనుకోవడానికి ఏమీ మిగల్లేదు. అందుకని రొట్టెల వ్యాన్ వాణ్ణి తిట్టాడు.

పరాయి మెకానిక్కు ఎవడైనా అయితే చేతకాలేదని చెప్పి తప్పుకునేవాడు. నార్బర్ట్‌కి ఆ దారి లేదు. ముప్ఫై నాలుగేళ్ళు గేర్‌బాక్సుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన మనిషి. ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపల ఏ వాషరు ఏ వాషరు మీద కూర్చుంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అడక్కపోయినా చెబుతాడు, అది వేరే బాధ. కార్ల ఫ్యాక్టరీల ఊరైన వారెన్‌లో, ఆ వీధిలో ఎవరి బండి మూలిగినా ముందు అతని దగ్గరికే వస్తారు. అలాంటిది సొంత కూతురి బండి అతని చేతిలోనే మూడుసార్లు జారింది.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. ఆ బండి అవతలి కంపెనీది.

ఆ ఊళ్ళో మనిషి పేరుకంటే ముందు ఏ కార్ల కంపెనీ అని అడుగుతారు. నార్బర్ట్ తండ్రిది ఒక కంపెనీ. కాబట్టి నార్బర్ట్‌దీ అదే, అన్న లియోనార్డ్‌దీ అదే. వేరే కంపెనీ బండి ఆ ఇంటి వాకిట్లో నిలపడానికి వీల్లేదు. ఒక క్రిస్మస్‌కి అతని భార్య బెర్నీస్ తమ్ముడు తెలియక అవతలి కంపెనీ బండిలో వస్తే, మోకాలి లోతు మంచులో దాన్ని వీధి మలుపు అవతల పెట్టించి, పళ్ళాలూ పిల్లలతో సహా నడిపించుకొచ్చాడు నార్బర్ట్. దానికి బెర్నీస్ ఏడాది పాటు సాధించింది. అతను మాత్రం తన తప్పేమిటో ఇప్పటికీ తెలియదంటాడు.

అలాంటి ఇంట్లో పుట్టిన రెనాటా, సిటీ బస్సు నడిపి, సెలవురోజుల్లో కూడా డ్యూటీ చేసి కూడబెట్టుకున్న డబ్బుతో, 1970 నాటి నారింజరంగు ప్లిమత్ కారు కొనుక్కొచ్చింది. రెండేళ్ళ క్రితం సంగతి. ముందు చాపంత బానెట్టు, దాని కింద ఒక గదిలో పట్టనంత ఇంజను. నార్బర్ట్ మూడు రోజులు కూతురితో మాట్లాడలేదు. నాలుగో రోజు దాని గేరు జారుతోందని తెలిసింది. అంతే, మనిషికి ప్రాణం లేచొచ్చింది. నలుగురూ చూడకుండా వెనక సందులోంచి గ్యారేజీలోకి తెప్పించి, తలుపు దించేసి, జాకీ ఎత్తాడు.

అప్పట్నుంచి ఆదివారం వస్తే తండ్రీ కూతుళ్ళు ఆ బండి కిందే. రెనాటాకి ముప్ఫై మూడేళ్ళు. దగ్గర్లోనే ఫెర్న్‌డేల్ ఊళ్ళో వేరే ఇల్లు తీసుకుని ఉంటోంది. అంతకు ముందు నెలకోసారి వచ్చి గంట కూర్చుని పోయేది. బండి వచ్చాక ప్రతి ఆదివారం పొద్దున్నే దిగేది. ఒకరు స్పానర్ అందిస్తే ఒకరు బిగించేవాళ్ళు. బెర్నీస్ సాసేజీలు వేయించి పళ్ళెం గ్యారేజీలోకే పంపించేది. నార్బర్ట్ పైకి ఎన్ని సణిగినా, ఆ బండి లోపం మరీ తొందరగా తేలిపోకూడదని లోపల్లోపల కోరుకున్న ఆదివారాలు కూడా ఉన్నాయి.

కానీ లోపం అసలే తేలకపోతే ఏ మగాడికి మాత్రం ఓపిక ఉంటుంది? రెండోసారి విప్పినప్పుడు గేర్‌బాక్సు కింది ఆయిల్ పళ్ళెంలో నల్లటి పొడి, మాడిన వాసన. కొత్త ప్లేట్లు ఐదువందల మైళ్ళకే బొగ్గయ్యాయి. గేర్లని పట్టి ఆపే బ్యాండ్లు సరిచూశాడు, సరిగ్గానే ఉన్నాయి. ఒత్తిడి కొలిచే మీటరు తగిలించి చూస్తే, ముల్లు జ్వరం వచ్చినవాడిలా వణికింది. పంపు పోయిందన్నాడు. మే నెలలో కొత్త పంపు వేశాడు. మళ్ళీ వణికింది. ఆయిల్ సంగతి చెప్పనే అక్కర్లేదు, అది ప్రతిసారీ గీత దాకా నిండుగానే ఉంది.

వస్తువు బాగుండి, పనివాడు తనే అయ్యి, తప్పు ఇంకా మిగిలిపోతే అది ఎవరి నెత్తిన పడుతుంది? నడిపేవాళ్ళ నెత్తిన. పంపు వేయడానికి ముందే, ఈస్టర్ నాడు, బల్ల మీద పండగ ఆచారంగా వెన్నతో చేసిన గొర్రెపిల్ల బొమ్మ చుట్టూ పదకొండు మంది కూర్చుని ఉండగా, బండి పని ఎంతవరకు వచ్చిందని లియోనార్డ్ అడిగాడు. నార్బర్ట్‌కి తిక్క రేగింది. రెనాటా వైపు వేలు చూపించాడు.

"బండికేం రోగం లేదు. దీనిది రోకలికాలు. ఆ కాలు కింద ఏ గేర్‌బాక్సయినా పిండైపోద్ది. బస్సెక్కేవాళ్ళని ఆ దేవుడే చూడాలి," అన్నాడు.

బల్లంతా నవ్వింది. లియోనార్డ్ మనవలు రోకలికాలత్తా అని పిలవడం మొదలెట్టారు. రెనాటా కూడా నవ్వింది. తిన్న పళ్ళెం కడిగి పెట్టి వెళ్ళిపోయింది. మరుసటి ఆదివారం రాలేదు. పంపు వేశాక బండిని తల్లి చేతే తెప్పించుకుంది. జూన్‌లో ఒకసారి వచ్చి, బండి మళ్ళీ జారుతోందని గ్యారేజీలో వదిలేసి, తాళాలు తల్లి చేతికిచ్చి పోయింది. ఫోన్ చేసినా తల్లితోనే మాట్లాడేది.

ఇప్పుడు ఆగస్టు. నిన్న బుధవారం బెర్నీస్ రెనాటాతో ఫోన్ మాట్లాడి వచ్చి, శనివారం మధ్యాహ్నం పక్క రాష్ట్రం ఒహైయో నుంచి ఎవరో వచ్చి బండి కొనుక్కుపోతున్నారని చెప్పింది.

"మంచిదే, పీడా పోద్ది," అన్నాడు నార్బర్ట్. అని, అన్నం సగంలో వదిలేసి గ్యారేజీలోకి వెళ్ళి మూడోసారి విప్పడం మొదలెట్టాడు. జారే గేర్‌బాక్సు తన చేతి మీదుగా ఊరు దాటకూడదన్నది పైకి చెప్పిన కారణం. బండి పోతే ఇక ఆ పిల్ల ఆదివారం గుమ్మం ఎక్కడానికి కారణం ఉండదన్నది లోపలిది. అది అతనికీ తెలుసు. బెర్నీస్‌కి ఇంకా బాగా తెలుసు.

రొట్టెల వ్యాన్ వాణ్ణి తిట్టుకుంటూ గురువారం సాయంత్రం అతను వెనక సందులోంచి ఇంటికి చేరేసరికి, ఆమె గ్యారేజీ గుమ్మంలో నిలబడి ఉంది.

"జారిందా?"

"ఆ."

"ఇప్పుడేమంటావు? ఇవాళ తొక్కింది దాని కాలు కాదుగా."

నార్బర్ట్ బానెట్టు ఎత్తి అందులో తల దూర్చాడు. ఇరుకున పడ్డప్పుడు అతను తల దూర్చే చోటు అదే.

శుక్రవారం పొద్దున అతను బండి కింద పడుకుని, తెలిసిన బోల్టులనే మళ్ళీ తడుముతుంటే, నేల మీద చేతికర్ర చప్పుడు వినిపించింది. కింద నుంచి చూస్తే గులాబీరంగు చెప్పుల జత ఒకటి, పక్కన బెర్నీస్ చెప్పులు.

"మిసెస్ బ్లెడ్‌సో వచ్చారు," అంది బెర్నీస్.

"దేనికి?"

"నేను పిలిచాను."

"అదే, దేనికి పిలిచావు?"

"రోజూ నీ మొహం చూడలేక."

మిసెస్ బ్లెడ్‌సోది ఎదురు వరసలో మూడో ఇల్లు. డెబ్బై ఏడేళ్ళ మనిషి. భర్త పోయాక ఒంటరిగా టమాటాలు పెంచుకుంటూ, చర్చిలో నెలకోసారి వందమందికి వండుతూ ఉంటుంది. ఆమె కూడా ముప్ఫై ఏళ్ళు గేర్‌బాక్సుల దగ్గరే పనిచేసింది. తయారైన గేర్‌బాక్సుని పరీక్ష బల్ల మీదికెక్కించి, బాగుందో లేదో తేల్చి ముద్ర వేసే పని. అయితే అది అవతలి కంపెనీలో. అందుకని పదహారేళ్ళుగా నార్బర్ట్ ఆమెకి మంచు ఎత్తిపోయడం, చెత్తడబ్బా లాగిపెట్టడం లాంటివన్నీ చేశాడు గానీ, గేర్‌బాక్సు గురించి ఒక్కమాట అడగలేదు. అడిగితే ముప్ఫై నాలుగేళ్ళూ ఏమైనట్టు?

"ఏం అబ్బాయ్, మా బండి నిన్ను ఏడిపిస్తోందంటగా," అంది మిసెస్ బ్లెడ్‌సో, బెర్నీస్ వేసిన మడతకుర్చీలో సర్దుకుంటూ.

"ఏడిపించడం ఏముందండీ, చిన్న సమస్య."

"మూడుసార్లు విప్పావంట."

నార్బర్ట్ భార్య వైపు చూశాడు. బెర్నీస్ ఆమె తెచ్చిన టమాటాల బుట్ట వైపు చూసింది.

"సరే, నన్ను మీ ఆవిడ మా మూడు మెట్లూ దింపి తీసుకొచ్చింది కాబట్టి నాకు మొదట్నుంచీ చెప్పు," అందామె. "ఎప్పుడు జారుద్ది?"

"మలుపు తిరిగి నొక్కితే. సిగ్నల్ దగ్గర ఆగి ఒక్కసారిగా లేపితే. పొద్దున్నే మొదటిసారి గేరేస్తే కాసేపు ఆలోచిస్తుంది."

"మీటరు ముల్లు?"

"వణుకుద్ది."

"వణుకుద్ది," అని తల ఊపింది మిసెస్ బ్లెడ్‌సో. "ఆయిల్?"

"నిండుగా ఉంది."

"చూపించు."

ఇక్కడ నార్బర్ట్‌కి నిజంగా ఒళ్ళు మండింది. ఆయిల్ చూడమని అతనికి చెప్పడమంటే, చేపపిల్లకి ఈత నేర్పడమే. అయినా పెద్దావిడ. బండి ఎక్కి ఇంజను వేడెక్కేదాకా తిప్పాడు. బ్రేకు మీద కాలుంచి గేరు కడ్డీని అన్ని గేర్లలోకీ ఒకసారి తిప్పి, తిరిగి పార్కులో, అంటే బండి కదలకుండా నిలిపే చోట, పెట్టాడు. దిగాడు. ఇంజను తిరుగుతుండగానే ఆయిల్ కొలిచే పుల్ల లాగి, గుడ్డతో తుడిచి, దించి, మళ్ళీ లాగి ఆమె కళ్ళజోడు ముందు పెట్టాడు. ఎర్రటి ఆయిల్ సరిగ్గా గీత మీద ఉంది.

"చూశారుగా. వెంట్రుకవాసి తేడా లేదు."

మిసెస్ బ్లెడ్‌సో పుల్ల వైపు చూడలేదు. గేరు కడ్డీ వైపు చూస్తోంది. "ఇంకోసారి చెయ్యి," అంది.

అతను పళ్ళు బిగబట్టి ఇంకోసారి చేశాడు. అదే గీత.

"ఎక్కడ నేర్చుకున్నావిది?"

"ముప్ఫై నాలుగేళ్ళు నేను..."

"ఎన్నేళ్ళని అడగలేదు నాయనా. ఎక్కడ అని అడిగాను."

నార్బర్ట్ తన కంపెనీ పేరు చెప్పాడు. ఆ పేరు చెప్పేటప్పుడు అలవాటుగా అతని గడ్డం కొంచెం పైకి లేచింది.

"అదీ సంగతి," అందామె. "మీవాటికి పార్కులో పెట్టి చూడాలి. మావాటికి ఏ గేరూ లేకుండా న్యూట్రల్‌లో పెట్టి చూడాలి. బెర్నీస్, నువ్వెక్కి బ్రేకు తొక్కి పట్టుకో. ఆ కడ్డీ న్యూట్రల్‌లోకి లాగు."

బెర్నీస్ ఎక్కి, తొక్కి, లాగింది. ఇంజను చప్పుడు కొంచెం మారింది. నార్బర్ట్ పుల్ల లాగాడు, తుడిచాడు, దించాడు, లాగాడు.

పుల్ల పొడిగా ఉంది. చిట్టచివర, అగ్గిపుల్ల తలంత మేర తడి. పైనంతా గుడ్డతో తుడిచిన మెరుపే.

అతను మళ్ళీ తుడిచి దించాడు. పుల్ల మళ్ళీ పొడిగానే వచ్చింది. మూడోసారి కూడా చేశాడు. మూర్ఖుడికి మూడు చాలవు, నాలుగోసారి కూడా చేశాడు.

"మావాటిల్లో పార్కులో ఉన్నంతసేపూ పంపు పైభాగానికి ఆయిల్ పంపదు," మిసెస్ బ్లెడ్‌సో మామూలుగా చెప్పుకుపోతోంది. "అంతా కిందికి దిగి పళ్ళెంలో కూర్చుంటుంది. నువ్వు పుల్ల పెడితే నిండుగా కనపడక ఏం చేస్తుంది? సూపు కుండలో ఉండగా కొలిచి, నలుగురికీ వడ్డించాక కూడా కుండలో అంతే ఉంటుందనుకున్నావు నువ్వు. గేరెయ్యగానే ఆయిలంతా పైకి పోద్ది, కింద పంపుకి గాలి తగులుద్ది. మలుపులో పక్కకి ఒరిగితే ఇంక చెప్పేదేముంది. అదే నీ ముల్లు వణుకు. ఏదీ, ఆ పుల్ల ఇటు తే." వాసన చూసింది. "ఇంకా మాడలేదు. గంటే నడిపావు కాబట్టి బతికిపోయావు."

ఆడలేనమ్మ మద్దెల ఓడంటుంది. నార్బర్ట్ మద్దెలని మూడుసార్లు విప్పి చూశాడు, మద్దెల వాయించే పిల్లని పదకొండు మంది ముందు తిట్టాడు.

అదొక్కటే అయితే ఏదోలా మింగేవాడే. సరిగ్గా అప్పుడే ఇంకోటి గుర్తొచ్చింది. బండి కొన్న మొదటి చలికాలం. రెనాటా పాతసామాన్ల సంతలో ఆ బండి తాలూకు రిపేరు పుస్తకం కొనుక్కొచ్చి, ఇదే గ్యారేజీలో హీటరు పక్కన కూర్చుని చదువుతోంది. "నాన్నా, దీనికి ఆయిల్ న్యూట్రల్‌లో చూడాలని రాశారు," అంది. అతను తల కూడా ఎత్తలేదు. "ఆ పుస్తకం రాసినోళ్ళకి గేర్‌బాక్సు సంగతి తెలిస్తే నీ బండి ఇట్లా ఎందుకుంటది? నాకు నేర్పుతున్నావా?" అన్నాడు. ఆమె పుస్తకం మూసేసింది.

"ఏంటి, మొహం అట్లా పెట్టావు?" అంది బెర్నీస్, బ్రేకు మీంచి కాలు తియ్యకుండానే.

"ఏం లేదు."

ఒకటిన్నర సీసా ఆయిల్ పట్టింది. రెండేళ్ళ తంటా విలువ అంతే. పోయడం పూర్తయ్యాక మిసెస్ బ్లెడ్‌సో చేతికర్రతో లేచి, తనే వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. పన్నెండో మైలు రోడ్డు మలుపు దగ్గర నార్బర్ట్ కాలు భయం భయంగా ఆనించాడు.

"చర్చికి పోతున్నామా మనం?" అందామె. "నొక్కు."

అతను నొక్కాడు. గేరు పట్టుకుంది. నారింజరంగు బండి ఎక్కడా తడబడకుండా, మాటకి కట్టుబడినదానిలా ముందుకు పోయింది. ఆమె సీటు వెనక్కి ఆనుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ చాలా సంతోషంగా కనిపించింది. నార్బర్ట్ మాత్రం స్టీరింగు మీదికి వంగిపోయి నడిపాడు. బాగుపడిన బండిని నడుపుతూ మనిషి అంతగా కుంగిపోవడం ఎక్కడా విని ఉండరు.

ఇంటి ముందు దింపేటప్పుడు ఆమె తలుపు పట్టుకుని ఆగింది. "నేనెవరికీ చెప్పను. మన వీధిలో నీ పరువు నీదే. ఆ పిల్లకి మాత్రం చెప్పు."

"చెబుతాను."

"పంపని, సీలని, కథలు చెప్పకు."

నార్బర్ట్ ఉలిక్కిపడ్డాడు. సరిగ్గా పంపు దగ్గర రబ్బరు సీలు పోయిందన్న కథే అల్లుతున్నాడు అప్పటికి.

రాత్రంతా కూడా అదే అల్లాడు. బెర్నీస్‌కి నిజం చెప్పాక ఆమె తిడుతుందనుకుంటే తిట్టలేదు. "పొద్దున్నే వెళ్ళు, ఒహైయో ఆయన బయల్దేరకముందే," అని దీపం ఆర్పేసి అటు తిరిగి పడుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

శనివారం ఎనిమిదికి ఫెర్న్‌డేల్ చేరాడు. రెనాటా మేడమెట్ల మీద కాఫీ కప్పుతో కూర్చుని ఉంది. పక్కన ఒక కవరు. అందులో బండి కాయితాలు ఉన్నాయని అడక్కుండానే తెలిసింది. తండ్రి ఆ బండిని తనే నడుపుకుంటూ రావడం చూసి ఆమె కనుబొమలు లేచాయి, మళ్ళీ దిగాయి.

"అమ్మ రాలేదా?"

"లేదు. బండి బాగైంది."

"మంచిది. ఆయన పన్నెండుకి వస్తాడు. తాళాలు అక్కడ పెట్టు."

నార్బర్ట్ తాళాలు పెట్టలేదు. "అంటే, పంపు దగ్గర చిన్న సీలు..."

"పంపు మేలోనే మార్చావుగా."

"మార్చాను."

"సీళ్ళు కూడా మార్చావు. అమ్మ చెప్పింది."

"మార్చాను."

"మరి?"

ఆ రెండక్షరాలకి నార్బర్ట్ దగ్గర రాత్రంతా అల్లిన కథ చాలలేదు. కింది మెట్టు మీద కూర్చున్నాడు. ఆమెకి వీపు తప్ప మొహం కనపడని చోటు అది.

"ఆయిల్ తక్కువైంది," అన్నాడు. "మూడుసార్లూ నేనే తక్కువ పోశాను. పార్కులో పెట్టి చూశాను. దీనికి న్యూట్రల్‌లో చూడాలి."

వీధిలో ఎవరో గడ్డికోసే యంత్రం తాడు లాగుతున్నారు, అది అంటుకోవడం లేదు.

"నీ కాలికేం లేదు. నీ కాలు బంగారం. ముందునించీ ఏం లేదు."

"నేను చెప్పాను నాన్నా."

"తెలుసు. నిన్ననే గుర్తొచ్చింది." అక్కడితో ఆపితే సరిపోయేది. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి నాలుగో కాలు కనపడగానే కోపం కూడా వస్తుంది. "అయినా నీకు తెలిసినప్పుడు నువ్వైనా ఒకసారి న్యూట్రల్‌లో పెట్టి చూసుకోవాల్సింది. ఎంతసేపు పని? పుస్తకం నీ దగ్గరే ఉంది కదా."

"నువ్వు కాదన్నావుగా."

"నేనంటే? నేను వంద అంటాను."

"పుస్తకం తప్పనుకున్నాను," అంది రెనాటా. గొంతు పెంచలేదు. "జీవితమంతా గేర్‌బాక్సులు చేసినోడివి, నువ్వు కాదన్నాక ఇంక నేను చూసేదేముంది? నువ్వు నా కాలే అన్నావు. నా కాలే అనుకున్నా. ఈస్టర్ నుంచీ బస్సులో కూడా కాలు ఆనించాలంటే భయమేస్తోంది. ముసలోళ్ళు నిలబడి ఉంటారు కదా, నా దెబ్బకి పడిపోతారేమోనని. స్టాపు స్టాపుకీ లేటు. పోయిన నెల నన్ను బస్సు దించి ఆఫీసులో కూర్చోబెట్టమని అర్జీ పెట్టుకున్నా."

నార్బర్ట్ వెనక్కి తిరిగాడు. పన్నెండేళ్ళు ఒక్క గీత పడకుండా బస్సు నడిపిన పిల్ల. మంచు తుఫానులో జనాన్ని ఇళ్ళు చేర్చి వచ్చిన పిల్ల. ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు గానీ, ఆమెకి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. క్షమించమనే మాట నోటి దాకా వచ్చింది. ఆ నోటికి అలవాటు లేక అక్కడే ఉండిపోయింది.

"ఆ అర్జీ వెనక్కి తీసుకో," అన్నాడు చివరికి.

"అది నేను చూసుకుంటా. నాకేం చెయ్యాలో చెప్పడం కాసేపు ఆపు." రెనాటా లేచి లోపలికి వెళ్ళి, పొడుగాటి తీగతో సహా ఫోన్ గుమ్మం దాకా లాక్కొచ్చింది. కవరు వెనక రాసుకున్న నెంబరు చూస్తూ తిప్పింది. "ఒహైయో ఆయన గేరెందుకు జారుతోందని అడిగితే, నేను సరిగ్గా నడపను, నా కాలు వల్లేనని చెప్పాను. అది అబద్ధమని నువ్వు చెప్పు."

"నేనా?"

"నా కాలేనని ముందు చెప్పింది ఎవరు మరి?"

అవతల ఫోన్ ఎత్తారు. ఓర్విల్ స్ట్రౌస్ అట, గొంతు బట్టి పెద్దమనిషే. ఇప్పుడే బయల్దేరబోతున్నానన్నాడు. నార్బర్ట్ తను ఆ అమ్మాయి తండ్రినని చెప్పాడు. గేర్‌బాక్సు బాగైందని చెప్పాడు.

"సంతోషం సార్. ఏంటి లోపం?"

"ఆయిల్ తక్కువైంది."

"అంతేనా? ఎవరు చూశారు ఆయిల్?"

నార్బర్ట్ కూతురి వైపు చూశాడు. ఆమె గుమ్మానికి ఆనుకుని, చేతులు కట్టుకుని వింటోంది. సాయం చేసే ఉద్దేశం ఆ మొహంలో ఎక్కడా లేదు.

"నేనే. పార్కులో పెట్టి."

"మీరు ఆ రెండో కంపెనీ వాళ్ళా సార్?" అని అడిగాడు స్ట్రౌస్, మర్యాదగానే. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది.

"ముప్ఫై నాలుగేళ్ళు. గేర్‌బాక్సుల్లోనే."

ఈసారి స్ట్రౌస్ ఆపుకోలేకపోయాడు. నవ్వి, నవ్వి, దగ్గి, క్షమించమని అడిగాడు. నార్బర్ట్ ఆ నవ్వంతా ఫోన్ చెవికి ఆనించుకునే విన్నాడు.

"అయితే సార్, బండి ఇప్పుడు అమ్మేది ఉందా లేదా?"

నార్బర్ట్ ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి రెనాటా వైపు తిరిగాడు. ఈసారి తన అభిప్రాయం చెప్పలేదు, ఊరికే చూశాడు. ఆమె కవరు చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, లేదన్నట్టు తల ఊపింది.

"లేదండీ. అమ్మటంలేదు. మీకు శ్రమ ఇచ్చాం."

"పర్లేదు. కానీ ఒక్కటి చెప్పండి. మీ అమ్మాయి తన కాలు వల్లేనని అంత గట్టిగా చెప్పిందే. మరి అసలు కారణం మీ ఇంట్లో ఎవరికీ తెలియలేదా?"

నార్బర్ట్ కూతురి వైపే చూస్తూ ఫోన్ నోటికి దగ్గరగా తెచ్చుకున్నాడు.

"మా అమ్మాయికి మొదటి చలికాలమే తెలుసు," అన్నాడు. "నేను వినలేదు."